ఎస్ప్రెస్సో మిషన్ కంటే ముందు ప్లగ్గు చూడండి, నీళ్ళు చూడండి

ఎస్ప్రెస్సో (ప్రెషర్‌తో వేడినీళ్ళు పంపి తీసే చిక్కటి కాఫీ) మిషన్ కొందామనుకుంటున్నా, ఏది తీసుకోమంటావ్ అని ఈ మధ్య తెలిసినవాళ్ళు బాగా అడుగుతున్నారు. నేను మోడల్ పేరు చెప్పేముందు రెండు విషయాలు అడుగుతా. మిషన్ పెట్టబోయే గట్టు దగ్గర పెద్ద ప్లగ్గు ఉందా చిన్నది ఉందా, ఇంట్లో వచ్చేది బోరు నీళ్ళా మున్సిపల్ నీళ్ళా. అదేంటి కాఫీ గురించి అడిగితే కరెంటు గురించి మాట్లాడతావ్ అంటారు, కానీ నేను చూసినంతలో ఇంట్లో మిషన్ ఏళ్ళ తరబడి బాగా నడుస్తుందా, రెండో ఏడే మెకానిక్ దగ్గరికి వెళ్తుందా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. గ్రైండర్ తర్వాతైనా మార్చుకోవచ్చు, గింజలు ప్రతి నెలా మార్చుకోవచ్చు, గోడలో వైరు మార్చడం బాయిలర్లో (నీళ్ళు కాగే పాత్రలో) పేరుకున్న సున్నపు గార తియ్యడం మాత్రం అంత తేలిక కాదు.

మాది హైదరాబాద్‌లో నిజాంపేట్ వైపు అపార్ట్‌మెంట్. మిషన్ ఇటాలియన్ ది, ఈ61 గ్రూపు (కాఫీపొడి మీద వేడినీళ్ళు పడే తల భాగం), లోపల హీట్ ఎక్స్చేంజర్ (ఆవిరి బాయిలర్ లోంచి వెళ్ళే గొట్టంలో కాఫీ నీళ్ళు వేడెక్కే ఏర్పాటు), 1400 వాట్లు, నీళ్ళ ట్యాంకు మిషన్ లోపలే ఉంటుంది. ఈ61 అంటే ఇటలీ కంపెనీ ఫాయెమా వాళ్ళు 1961లో తెచ్చిన డిజైన్, అప్పటిదాకా చేత్తో లీవర్ లాగి ఇచ్చే ప్రెషర్‌ని ఎలక్ట్రిక్ పంపుకి అప్పగించింది అదే, ఇప్పటికీ ఇళ్ళల్లో పెట్టుకునే మిషన్ల మీద అదే గ్రూపు కనపడుతుంది. అంటే అరవై ఏళ్ళ పైబడి ఈ పానీయం కరెంటు మీదా నీళ్ళ లైను మీదా ఆధారపడే బతుకుతోంది.

ముందు కరెంటు. మన ఇళ్ళల్లో చిన్న సాకెట్ 6 ఆంప్స్, పెద్దది 16 ఆంప్స్. 230 వోల్ట్ల దగ్గర 6 ఆంప్స్ అంటే 1380 వాట్లు, అంతే. ఒకటే బాయిలర్ ఉండే చిన్న మిషన్లు 1000 నుంచి 1400 వాట్ల మధ్య ఉంటాయి, కాఫీకొకటి ఆవిరికొకటి చొప్పున రెండు బాయిలర్లున్నవి కొన్ని 2000 దాటతాయి. అంటే చిన్న ప్లగ్గులో పెట్టే మిషన్లు కూడా ఆ సాకెట్ తట్టుకునే అంచు మీదే నడుస్తాయన్నమాట, అది కూడా మిక్సీలా రెండు నిమిషాలు కాదు, పొద్దున్నే ఆన్ చేస్తే బాయిలర్ వేడెక్కేదాకా హీటర్ ఆగకుండా లాగుతూనే ఉంటుంది. మీ దగ్గర ఇప్పటికే మిషన్ ఉంటే ఒక పని చెయ్యండి, బాగా వేడెక్కాక మిషన్ ఆఫ్ చేసి ప్లగ్గు తీసి ఆ ప్లగ్గు టాప్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉందంటే లోపల కాంటాక్ట్ లూజుగా ఉంది, సాకెట్ మార్చాల్సిందే. ఇంకా ఆ కన్వర్టర్ ప్లగ్గులు, పెద్ద పిన్నుల్ని చిన్న సాకెట్‌లోకి దూర్చేవి హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి కదా, అవి ఫోన్ చార్జర్ స్థాయి లోడ్‌కి ఏమో గానీ హీటర్ ఉన్నదానికి అస్సలు వద్దు. ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా వద్దు.

నేను ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గట్టు చూపిస్తే, "సార్ ఇక్కడ మిక్సీ పాయింట్ ఉంది కదా, దీన్నే తీసి పెద్ద సాకెట్ బిగించేస్తా, పావుగంట పని" అన్నాడు. లోపల వైరు ఎంతది అని అడిగితే బోర్డు విప్పి చూశాడు, ఒకటిన్నర స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్లు) ఉంది, అది కూడా ఫ్రిజ్‌కీ మైక్రోవేవ్‌కీ కలిపి ఒకటే లైను. "అన్నా, సాకెట్ పెద్దదైతే వైరు పెద్దదవదు కదా, డీబీ (ఇంటి మెయిన్ స్విచ్ బోర్డు) నుంచి రెండున్నర స్క్వేర్ రాగి వైరు సెపరేట్‌గా లాగు, దానికో ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే పడిపోయే స్విచ్) వేరేగా పెట్టు" అన్నా. గోడ పగలగొట్టాలేమో అనుకున్నాం కానీ కన్సీల్డ్ పైపులో చోటుంది, పైపులోంచే లాగేశాడు. ఈ పనికయ్యే ఖర్చు మిషన్ ధరలో చాలా చిన్న భాగం, కానీ దీనివల్ల వచ్చిన సుఖం పెద్దది. ఇప్పుడు ఒకపక్క ఇండక్షన్ స్టవ్ నడుస్తున్నా, మైక్రోవేవ్ తిరుగుతున్నా షాట్ (ఒక కప్పు ఎస్ప్రెస్సో) తీస్తుండగా మధ్యలో ఎంసీబీ పడిపోదు. లెక్క చూడండి, 1400 వాట్ల మిషనూ 2000 వాట్ల ఇండక్షనూ ఒకే లైను మీద ఉంటే అదే దాదాపు 15 ఆంప్స్, దానికి మైక్రోవేవ్ తోడైతే 16 ఆంప్స్ ఎంసీబీ పడిపోతుంది, పడిపోవాలి కూడా.

ఎర్తింగ్ గురించి కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే దీన్ని ఎవ్వరూ పట్టించుకోరు. ఇది ఒళ్ళంతా లోహం, లోపల నీళ్ళు, నీళ్ళలో హీటర్, మనం తడి చేతుల్తో పట్టుకునే స్టీమ్ వాండ్ (పాలు కాచి నురగ తెప్పించే ఆవిరి గొట్టం). హీటర్ ఎలిమెంట్ పాతబడి లీకేజీ మొదలైతే ఆ కరెంటు పోవాల్సింది ఎర్త్ వైరులోకి, మన చేతిలోకి కాదు. యూరప్ నుంచి వచ్చే మిషన్లకి చాలావాటికి గుండ్రటి షూకో ప్లగ్గు ఉంటుంది, రెండు లావు పిన్నులు, మన సాకెట్లలో కొన్నిట్లో అది చక్కగా దూరిపోతుంది, మిషన్ కూడా ఆన్ అవుతుంది, దాంతో అందరూ ఓకే అనుకుంటారు. కానీ ఆ ప్లగ్గులో ఎర్త్ ఉండేది పక్కన ఉన్న లోహపు పట్టీల్లో, మన సాకెట్‌లో ఆ పట్టీలకి తగిలేది ఏదీ లేదు, అంటే మిషన్ ఎర్త్ లేకుండా నడుస్తోంది. ఆ ప్లగ్గు కోసేసి మన 16 ఆంప్స్ మూడు పిన్నుల టాప్ వేయించండి, పచ్చ పసుపు వైరు పైనున్న పెద్ద పిన్నుకి. వారంటీ పోతుందేమో అన్న అనుమానం ఉంటే అమ్మినవాళ్ళనే అడిగి వాళ్ళ చేతే వేయించుకోండి, అంతేగానీ అలా వాడకండి.

సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో మల్టీమీటర్‌తో తెలుస్తుంది. ఫేజ్ కి న్యూట్రల్ కి మధ్య 230 దగ్గర రావాలి, ఫేజ్ కి ఎర్త్ కి మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్ కి ఎర్త్ కి మధ్య రెండు మూడు వోల్ట్ల లోపు ఉండాలి. అక్కడ పదో ఇరవయ్యో చూపిస్తే ఎర్తింగో న్యూట్రలో ఎక్కడో తేడా ఉంది. మాకు ఎండాకాలంలో ఆ రీడింగ్ పెరిగింది, వాచ్‌మన్‌ని అడిగితే ఎర్త్ పిట్‌లో నీళ్ళు పోసి చాలా కాలమైందన్నాడు. ఉప్పూ బొగ్గూ వేసిన పాత పద్ధతి పిట్ అది, ఎండిపోతే పనిచెయ్యదు, నీళ్ళు పోయించాక తగ్గింది. అలాగే డీబీలో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే పెట్టించండి, దాని మీదుండే టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి చూడండి. గ్రానైట్ గట్టు మీద ఎంత అందంగా పెట్టుకున్నా ఇవి లేకుండా ఆ మిషన్ని ఇంట్లో పిల్లలు తిరిగేచోట నేనైతే ఉంచను.

అమెరికా నుంచి తెచ్చుకునే మిషన్ల సంగతి వేరు. మా బావమరిది డల్లాస్ నుంచి మొత్తానికి వచ్చేస్తూ ఫోన్ చేశాడు, "బావా, నా మిషన్ ఇక్కడ అమ్మితే ఏమీ రాదు, కంటైనర్‌లో వేసేస్తున్నా, అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కుంటే చాలు కదా" అని. నేను వద్దురా అన్నా. 120 వోల్ట్ల హీటర్‌ని పొరపాటున 230 కి తగిలిస్తే వోల్టేజ్ దాదాపు రెండింతలే అయినా వేడి మూడున్నర రెట్లు దాటిపోతుంది, ఎలిమెంట్ నిమిషాల్లో పోతుంది. సరే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం అనుకుందాం, 1400 వాట్ల లోడ్‌కి కనీసం 2000 వీఏ ది కావాలి, అది ఓ పెద్ద ఇనప దిమ్మ, గట్టు కింద పెట్టుకోవాలి, గుయ్యిమంటూ ఉంటుంది. అయినా ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ మారుస్తుంది గానీ ఫ్రీక్వెన్సీ మార్చదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఇంటి మిషన్లలో ఎక్కువగా ఉండే వైబ్రేషన్ పంపు సెకనుకి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో తేల్చేది ఆ ఫ్రీక్వెన్సీయే, అక్కడ 60 దెబ్బలు కొట్టేది ఇక్కడ 50 కొడుతుంది, ఆ 60 కి తయారుచేసిన కాయిల్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. పంపూ, హీటరూ, నీళ్ళ వాల్వులు తెరిచే సోలెనాయిడ్ కాయిల్సూ, కొన్నిట్లో కంట్రోల్ బోర్డూ 230 వి మార్పించుకోవచ్చు, కొన్ని మోడల్స్‌కి అది తేలికే, కానీ ఆ పార్ట్స్ తెప్పించుకునే ఓపిక ఉంటేనే. వాడు అక్కడే అమ్మేసి గ్రైండర్ మాత్రం తెచ్చాడు, హ్యాండ్ గ్రైండర్, దానికి ఏ ఊరి కరెంటుతోనూ పనిలేదు.

లో వోల్టేజ్ వచ్చినప్పుడు ఏమవుతుందంటే హీటర్ పవర్ వోల్టేజ్ వర్గంతో పడిపోతుంది. 230 దగ్గర 1400 వాట్లు ఇచ్చేది 190 దగ్గర 955 వాట్లే ఇస్తుంది. ఉష్ణోగ్రత సంగతి పీఐడీ (వేడిని సరిచూసే కంట్రోలర్) చూసుకుంటుంది కాబట్టి మొదటి కప్పు బాగానే వస్తుంది, కానీ చుట్టాలొచ్చి వరసగా నాలుగు క్యాపుచినోలు చెయ్యాలంటే స్టీమ్ తేరుకోదు, పంపు కూడా నీరసంగా నెడుతుంది. అదేపనిగా లో వోల్టేజ్ ఉండే వీధైతే ఏసీకి పెట్టే స్టెబిలైజర్ సైజుది, మిషన్ వాట్స్‌కి రెండింతలది పెట్టుకోండి. మాకు అవసరం పడలేదు.

ఇన్వర్టర్ మీద నడుస్తుందా అని అందరూ అడుగుతారు. మామూలుగా ఇళ్ళల్లో ఉండే 900 వీఏ ఇన్వర్టర్ మీద నడవదు, ఓవర్‌లోడ్ అయి ఆగిపోతుంది. గ్రైండర్ మాత్రం నడుస్తుంది. కరెంటు పోగానే నేను చేసేది, మిషన్ స్విచ్ ఆఫ్ చెయ్యడం. నొక్కితే అలాగే ఉండిపోయే పాతకాలం స్విచ్ ఉన్న మిషన్లు కరెంటు రాగానే వాటంతట అవే ఆన్ అవుతాయి, అప్పుడు మనం ఇంట్లో ఉంటామని ఏముంది. రెండోది, పాలు కాస్తూ ఉండగా కరెంటు పోతే వాండ్‌ని వెంటనే పాలల్లోంచి బయటికి తీసెయ్యాలి. బాయిలర్ చల్లారేకొద్దీ లోపల ఆవిరి నీరై వ్యాక్యూమ్ వస్తుంది, వాండ్ పాలల్లోనే ఉంటే ఆ పాలని బాయిలర్లోకి పీల్చుకునే ప్రమాదం ఉంది. ఆపడానికి వ్యాక్యూమ్ బ్రేకర్ అని ఓ చిన్న వాల్వ్ ఉంటుంది గానీ అన్ని మిషన్లలో ఉండదు, ఉన్నా గార పడితే మూసుకోదు, తెరుచుకోదు.

గార అన్నాను కాబట్టి ఇక నీళ్ళు. నన్నడిగితే కరెంటు కంటే ఇదే అసలు విషయం, పైగా మన ఊళ్ళలో ఇదే గడ్డు సమస్య.

మా సంపులో బోరు, మున్సిపల్, ఎండాకాలంలో ట్యాంకర్ అన్నీ కలుస్తాయి. టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్నవాటి మొత్తం) మీటర్ పెడితే వానాకాలం ఒకటి, ఏప్రిల్‌లో ఇంకొకటి చూపిస్తుంది. కుళాయిల చుట్టూ తెల్లగా గట్టిపడిపోయేది మీరూ చూసే ఉంటారు, గీజర్ సర్వీసుకి వచ్చినవాళ్ళు ఎలిమెంట్ బయటికి తీసినప్పుడు చూడండి, దాని మీద సున్నం పెంకులా కట్టి ఉంటుంది. గీజర్ నీళ్ళు 60 డిగ్రీల దగ్గరివి. ఎస్ప్రెస్సో మిషన్ స్టీమ్ బాయిలర్ 1.2 బార్ దగ్గర 120 డిగ్రీలు దాటి ఉంటుంది, అక్కడినుంచి నీళ్ళు ఆవిరై పోతూ ఉంటే ఖనిజాలన్నీ లోపలే ఉండిపోతాయి, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఖనిజాలు. నీళ్ళు వెళ్ళే దారిలో మిల్లీమీటరు కూడా లేని రంధ్రాలుంటాయి, ముందు అవి మూసుకుంటాయి. హీట్ ఎక్స్చేంజర్ మిషన్ లోపల గార పడితే ఇంట్లో నిమ్మ ఉప్పుతో పోగొట్టుకుందాం అంటే పూర్తిగా పోదు, ఊడిన పెచ్చులు ఇంకోచోట ఇరుక్కుంటాయి. అల్యూమినియం బాయిలర్లని యాసిడ్ తినేస్తుంది కూడా. కాబట్టి గార పట్టని నీళ్ళు పొయ్యడమే మార్గం.

తాగే నీళ్ళకి మన ఐఎస్ 10500 ప్రమాణం, లీటరుకి మిల్లీగ్రాముల్లో చెప్పాలంటే, టీడీఎస్ 500 దాకా మంచిదనీ, వేరే నీళ్ళు దొరక్కపోతే 2000 దాకా పర్వాలేదనీ అంటుంది, హార్డ్‌నెస్ (గార కట్టే కాల్షియం, మెగ్నీషియం లెక్క) 200, లేకపోతే 600. అది మనిషి కోసం పెట్టిన లెక్క. కాఫీవాళ్ళ లెక్క, అంటే స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ చెప్పేది, హార్డ్‌నెస్ 50 నుంచి 175, ఆల్కలినిటీ (పులుపుని తట్టుకునే గుణం) 40 నుంచి 70 చుట్టూ, క్లోరిన్ సున్నా. అంటే ప్రమాణం ప్రకారం నిక్షేపంగా తాగదగ్గ నీళ్ళు మిషన్‌కి పనికిరాకపోవచ్చు.

ఇక్కడ అందరూ టీడీఎస్ మీటర్ ఒక్కటే నమ్ముతారు. అది నీళ్ళలో ఎంత కరిగి ఉందో చెప్తుంది, ఏం కరిగి ఉందో చెప్పదు. 150 టీడీఎస్ లో సున్నం ఉందా ఉప్పు ఉందా దానికి తెలీదు. సాఫ్ట్‌నర్ పెట్టిన అపార్ట్‌మెంట్లలో ఇంకా తికమక, సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి సోడియం పెడుతుంది, టీడీఎస్ దాదాపు అంతే ఉంటుంది, గార పట్టదు నిజమే కానీ క్లోరైడ్ ఎంతుందో అంతే ఉంటుంది, ఆ క్లోరైడే స్టెయిన్‌లెస్ స్టీల్ బాయిలర్‌కి చిన్న చిన్న గుంతలు పొడిచి తినేస్తుంది. కొలవాలంటే అక్వేరియం షాపులో చేపల తొట్టి కోసం అమ్మే జీహెచ్ (హార్డ్‌నెస్), కేహెచ్ (ఆల్కలినిటీ) డ్రాప్ కిట్ కొనండి. రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టి, ఒక్కో చుక్కకి 17.9 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) చొప్పున హెచ్చవేస్తే హార్డ్‌నెస్, ఆల్కలినిటీ రెండూ తెలిసిపోతాయి. కాఫీ మిషన్ ఉన్న ప్రతి ఇంట్లో ఉండాల్సిన వస్తువు అది.

సరే ఆర్‌వో నీళ్ళు పోసేస్తే అయిపోతుంది కదా అంటే, ఉత్త ఆర్‌వో నీళ్ళు ఇంకో చివర. మరీ ఖనిజాలు లేని నీళ్ళతో కాఫీ పుల్లగా తేలిపోతుంది, ఆల్కలినిటీ లేక లోహాన్ని తినే గుణం వస్తుంది, పైగా బాయిలర్లో నీటిమట్టం చూసే ప్రోబ్ నీళ్ళలోంచి కరెంటు పారితేనే నీళ్ళున్నాయని గుర్తిస్తుంది, మరీ శుద్ధమైన నీళ్ళయితే నిండినా నిండలేదనుకుని పంపు తిప్పుతూనే ఉంటుంది. మన ఆర్‌వో ఫిల్టర్లకి టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న స్క్రూ ఉంటుంది కదా, అది తిప్పితే శుద్ధి కాని నీళ్ళు కొన్ని కలుస్తాయి. ఆ కలిసేవి మళ్ళీ అవే బోరు నీళ్ళు. డ్రాప్ కిట్‌తో కొలిచి సరిపెట్టుకుంటే అదీ పనిచేస్తుంది, కానీ సంపులోకి వచ్చే నీళ్ళు సీజన్ సీజన్‌కి మారే మాలాంటి చోట ప్రతిసారీ కొలుస్తూ కూర్చోవాలి.

అందుకే నేను ఆ స్క్రూ పూర్తిగా మూయించేసి, వచ్చిన ఉత్త ఆర్‌వో నీళ్ళలో పొటాషియం బైకార్బొనేట్ కలుపుతా. ఎస్ప్రెస్సో జనాల్లో చాలాకాలంగా ఉన్న రెసిపీ ఇది, లీటరుకి 100 మిల్లీగ్రాములు. కాల్షియం, మెగ్నీషియం లేవు కాబట్టి గార కట్టడానికి అసలు సరుకే లేదు, ఆల్కలినిటీ సరిగ్గా 50 పీపీఎం వస్తుంది, ప్రోబ్‌కి కావాల్సినంత కరెంటు పారుతుంది. రోజూ మిల్లీగ్రాములు తూయక్కర్లేదు, లీటరు ఆర్‌వో నీళ్ళలో ఫుడ్ గ్రేడ్‌ది 10 గ్రాములు కరిగించి సీసాలో పెట్టుకుంటే, దాంట్లోంచి లీటరుకి 10 ఎంఎల్, 20 లీటర్ల క్యాన్‌కైతే 200 ఎంఎల్ పోస్తే చాలు. అది దొరక్కపోతే వంట సోడా లీటరుకి 84 మిల్లీగ్రాములు వేసినా అదే ఆల్కలినిటీ వస్తుంది. పొటాషియం లీటరుకి 39 మిల్లీగ్రాములే పడుతుంది, అయినా ఇంట్లో కిడ్నీ సమస్య ఉండి పొటాషియం తగ్గించమన్నవాళ్ళు ఉంటే డాక్టర్ని అడగండి. రుచి సంగతికొస్తే, లైట్ రోస్ట్ తాగేవాళ్ళు కొంచెం మెగ్నీషియం ఉంటే బాగుంటుందంటారు, నేను తాగే అరకు, చిక్‌మగళూరు మీడియం రోస్టులకి ఈ నీళ్ళతో తీపిగా, గుండ్రంగా వస్తోంది. నాకు అంతకంటే ఏం అక్కర్లేదు.

ఇక ట్యాంకు నింపే పని లేకుండా డైరెక్ట్ పైపు కనెక్షన్ ఇద్దామనుకునేవాళ్ళకి. రోటరీ పంపు (మోటారుతో తిరిగేది) ఉండి లైనుకి కలుపుకోవచ్చని కంపెనీ చెప్పిన మిషన్లకే అది, ట్యాంకు మాత్రమే ఉన్న వైబ్రేషన్ పంపు మిషన్లకి లైను ప్రెషర్ ఇవ్వకూడదు. విదేశాల్లో కుళాయికి ఫిల్టర్ తగిలించి మిషన్‌కి ఇచ్చేస్తారు, అక్కడ లైను ప్రెషరే చాలినంత ఉంటుంది. మనకి నీళ్ళు వచ్చేది మిద్దె మీద ట్యాంకు నుంచి, 10 మీటర్ల ఎత్తుకి 1 బార్, పై అంతస్తులో ఉండేవాళ్ళకి 0.3 కూడా రాకపోవచ్చు, మిషన్‌కి కావాల్సింది సాధారణంగా 2 నుంచి 4 బార్. మన ఆర్‌వో ఫిల్టర్లో నీళ్ళు నిలవుండే ట్యాంకు కూడా మామూలు ప్లాస్టిక్ డబ్బా, దానికి ప్రెషరేమీ ఉండదు. కాబట్టి గట్టు కింద 20 లీటర్ల క్యాన్ పెట్టి, దాంట్లో పై రెసిపీ కలిపి, ప్రెషర్ స్విచ్ ఉన్న చిన్న డయాఫ్రమ్ పంపుతో లాగించి, మధ్యలో ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టి 2 బార్‌కి సెట్ చెయ్యడం మన ఇళ్ళకి సరిపోయే పద్ధతి. పైపు ఊడితే వంటిల్లంతా వరద కాదు, క్యాన్‌లో ఉన్న ఇరవై లీటర్లే పోతాయి, అదొక పెద్ద ప్లస్. క్యాన్ ఖాళీ అయినప్పుడు పంపు ఉత్తుత్తినే తిరక్కుండా ఫ్లోట్ స్విచ్ పెట్టించండి.

డ్రిప్ ట్రే (కప్పు కింద కారిన నీళ్ళు పడే పళ్ళెం) నుంచి సింక్ కింద వేస్ట్ పైపులోకి గొట్టం వేస్తే మాత్రం వాలు బాగా ఇవ్వండి, సన్న గొట్టం వద్దు, కాఫీ మడ్డి పేరుకుని బురదలా గట్టిపడుతుంది, వారానికోసారి మరిగే నీళ్ళు ఓ చెంబెడు పోస్తే సరిపోతుంది. సంక్రాంతికో వేసవి సెలవులకో ఊరెళ్ళేటప్పుడు ట్యాంకు వంచేసి ఆరబెట్టండి, క్యాన్ పంపు ప్లగ్గు తీసెయ్యండి, డీబీలో మిషన్ ఎంసీబీ కిందికి దించేసి వెళ్ళండి. తిరిగొచ్చాక కొత్త నీళ్ళు పోసి, స్టీమ్ బాయిలర్లో పాత నీళ్ళని వేడినీళ్ళ కుళాయి లోంచి ఒకటి రెండు మగ్గులు వదిలేసి, ఆ తర్వాతే మొదటి షాట్ తీసుకోండి.